ఏడవని పాప

పాపకు తొమ్మిది నెలలు నిండేసరికి నేను సగం పోలీసునైపోయాను. ఎవరింటికి వెళ్లినా ముందు నా కళ్లు నేల మీదికే పోయేవి. పైతోలు ఊడిన కరెంటు తీగ ఉందా, మూతలేని నీళ్ల డ్రమ్ము ఉందా, మంచం కింద ఎలుకల మందు పెట్టారా, పిల్లల చేతికందే చోట మాత్రల డబ్బా ఉందా అని వెతుక్కునేదాన్ని. పేరంటానికి పోయి తాంబూలం తీసుకుంటూ కూడా ఇదే పని. "ఉద్యోగం మానేసి పోలీస్ స్టేషన్లో చేరు, పైకొస్తావు" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. నవ్వేవాడికి నవ్వులాటగానే ఉంటుంది.

మేముండేది డోన్‌లో. ఆయన గూడ్సు బండ్లలో గార్డు. ఎప్పుడు వెళ్తాడో, ఎప్పుడు వస్తాడో ఆయనకే తెలియదు. బండెక్కాడంటే ఫోను కూడా సరిగా అందదు. నేను బస్సులో ముప్పావు గంట దూరంలో ఉన్న ఒక పల్లె ఆస్పత్రిలో ఫార్మసిస్టుని. పొద్దున ఏడున్నరకు ఇల్లు వదిలితే మళ్లీ వచ్చేది సాయంత్రం ఐదు దాటాకే. మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. కాన్పు సెలవు అయిపోయాక మా అత్త వేంపల్లె నుంచి వచ్చి మూడు నెలలు పాపను చూసుకుంది. ఇంతలో చెనక్కాయలు పీకే కాలం వచ్చింది. "ఆడ చేను, ఈడ బిడ్డ. నేనొక్కదాన్ని రెండు తావుల ఎట్లుండేదమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. మరి పాపను పగలంతా ఎవరి చేతుల్లో పెట్టాలి? ఆ దినాల్లో నేను తిన్నా, పడుకున్నా, బస్సులో నిలబడ్డా నా తలలో ఆ ఒక్క ప్రశ్నే తిరుగుతుండేది.

బస్సెక్కే ముందు మా అత్త నా చేతిలో అరచేయంత సానరాయి, ఒక జాజికాయ పెట్టింది. మూడు నెలలు వాడినా ఆ జాజికాయ ఒక పక్క కాస్త గీరుకుపోయినట్టు ఉండేది, అంతే.

మా వైపు ఇళ్లల్లో ఉగ్గును ఎవరూ మందు అనుకోరు, తిండి అని కూడా అనుకోరు. నలుగు పెట్టినట్టు, దిష్టి తీసినట్టు అదీ పిల్లలకు చేయాల్సిన ఒక పని. సాన మీద నాలుగు చుక్కల పాలు వేసి వస ఒక రుద్దు, కరక్కాయ ఒక రుద్దు, జాజికాయ ఒక రుద్దు అరగదీసి ఉగ్గుగిన్నెతో నోట్లో పోస్తారు. మా ఆయనకూ పోశారు, నాకూ పోశారు. "పొద్దున్నే ఒక్క రుద్దు ఎయ్యమ్మా, బిడ్డ సల్లగా పండుకుంటాది. సూసేవాళ్లకు గూడా తిప్పలుండదు" అంది మా అత్త. ఆ చివరి మాట నా మనసులో అట్లే ఉండిపోయింది.

మొదట మా వీధిలోనే ఉన్న ఒక పెళ్లికాని పిల్లను కుదుర్చుకున్నాను. మంచి పిల్ల. నాలుగోనాడు సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే గుమ్మంలో ఎదురొచ్చి, "అక్కా, నావల్ల కాదు. పొద్దున్నించి ఒకటే ఏడుపు, నా తల పగిలిపోతాంది" అని పాపను నా చేతుల్లో పెట్టి వెళ్లిపోయింది. పాప ముఖమంతా చీమిడి, కన్నీళ్లు ఎండిపోయి చారలు కట్టి ఉన్నాయి.

తర్వాత మెయిన్ రోడ్డులో ఒక మేడ మీద పిల్లల్ని చూసుకునే చోట చేర్చాను. గోడల నిండా రంగుల బొమ్మలు, నేలంతా మెత్తటి పరుపు. అన్నిటికంటే నన్ను పడేసింది కెమెరా. ఎక్కడినుంచైనా ఫోనులో పాపను చూసుకోవచ్చన్నారు. అమ్మయ్య అనుకున్నాను గానీ, ఆ కెమెరా నా ప్రాణానికి చుట్టుకుంది. ఆస్పత్రిలో మాత్రలిస్తూ చూసేదాన్ని, బాత్రూముకు పోయి చూసేదాన్ని. ఆరో రోజు పదకొండు గంటలప్పుడు చూస్తే పాప తలుపుకు అడ్డంపెట్టిన చెక్క పలకను పట్టుకుని నిలబడి ఏడుస్తోంది. ఆ ఫోనులో బొమ్మే గానీ శబ్దం రాదు. నోరు మాత్రం అంతలావున తెరుచుకుని ఉంది. అక్కడి ఆయా పాప పక్కనుంచే మూడుసార్లు అటూ ఇటూ పోయింది, ఒక్కసారీ వంగలేదు. నా కిటికీ ముందు చీటీ పట్టుకుని నిలబడిన ముసలాయన "అమ్మా, నా గోళీలు" అంటున్నాడు. ఆయనకు ఏమిచ్చానో మళ్లీ పిలిచి చూసుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం గొడవకు సిద్ధపడే వెళ్లాను. నాకు కోపమొస్తే నోటికి హద్దుండదు. నేను మొదలుపెట్టకముందే ఆ చోటు నడిపే ఆమె చల్లగా, "మేడమ్, మీ పాప ఒక్కతే ఇట్లా ఏడుస్తుంది. ఆమెను చూసి మిగతా పిల్లలు కూడా మొదలుపెడుతున్నారు. వేరే చోటు చూసుకోండి" అంది. తిట్టడానికి పోయినదాన్ని బతిమాలుకుని వచ్చాను. అయినా వినలేదు.

ఆ రోజునుంచి నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. చెడ్డమనిషి చేతిలో పడుతుందేమోనన్నది అందరికీ చెప్పుకునే భయం. మంచిమనిషి దొరికినా ఈ ఏడుపుకు విసిగి వదిలేస్తుందేమోనన్నది ఎవరికీ చెప్పుకోలేని భయం. కన్నబిడ్డ ఏడుపుకు నేనే భయపడుతున్నానని ఏ నోటితో చెప్పను?

ఉన్న సెలవులన్నీ అయిపోయాయి. అప్పుడు మా ఆస్పత్రిలో ఊడ్చే ఆమె చెప్పింది. "మీ డోన్‌లోనే చర్చి ఎనక సందులో ఒక పెద్దమ్మ ఉండాదమ్మా. శానామంది బిడ్డల్ని పెంచింది. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది." నోరు, చెయ్యి రెండూ మంచివైనవాళ్లు నాకింతవరకు దొరకలేదు కాబట్టి ఆదివారం చర్చి వదిలిపెట్టే వేళకు పాపను ఎత్తుకుని వెళ్లాను.

రెండు గదుల ఇల్లు, నాపరాళ్ల నేల. ఆమెకు అరవై దగ్గర ఉంటాయి. పొలం పనుల్లో ఎండిన ఒళ్లు. చర్చికి కట్టుకున్న తెల్లచీర ఇంకా మార్చలేదు. కొడుకు, కోడలు పనికి పోతారట, పగలు ఆమె ఒక్కతే. నేను నా పోలీసు పని మొదలుపెట్టాను. వంటింట్లోకి తొంగిచూశాను. గ్యాసు బండ గడప అవతల ఉంది. మాత్రలు దూలానికి వేలాడే సంచిలో ఉన్నాయి. పెరట్లో నీళ్లతొట్టి మీద నాపరాయి మూత ఉంది. ఎత్తబోయాను, కదల్లేదు.

"అది నీతో కాదులే. నేను, నా కోడలు ఇద్దరం పట్టుకుంటే గానీ రాదు" అంది వెనకనుంచి. "అయిపాయనా సూసేది? ఇంగ కూసో, నేను అడగల్ల."

అడిగింది. ఏ పక్కకు తిరిగి పడుకుంటాది, కొత్తవాళ్లను చూస్తే ఏంజేస్తాది, విరోచనం ఎట్లుంటాది, ఏడుపులు ఎన్ని రకాలు. "ఏడుపు ఏడుపే కదా పెద్దమ్మా" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. "అదెట్లమ్మా? ఆకలేడుపు యేరే, నిద్దరేడుపు యేరే, కోపమొచ్చి ఏడ్సేది యేరే. నీకు తెల్దా?" నాకు చెంప మీద కొట్టినట్టయింది. "బిడ్డకు ఏమేం పెడ్తాండావు?" అని అడిగింది. పాలు, రాగిజావ, మెత్తగా ఉడికించిన అన్నం, పప్పుకట్టు అని చెప్పాను. ఉగ్గు సంగతి చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు, అది నా లెక్కలోకే రాలేదు. పాపకు స్నానం చేయిస్తున్నానని చెప్పానా? ఇదీ అంతే.

"రెండు దినాలు నువ్వు గూడా ఈడ కూసో. బిడ్డ నీ కాడ ఎట్లుంటాదో నేను సూడల్ల. అది సూడకుంటే, నా కాడికొచ్చినాక యాడ తేడా పడిందో నాకెట్ల తెలుస్తాది?"

"ఒక్క పూట కూడా సెలవు లేదు పెద్దమ్మా" అన్నాను. ఆమెకు నచ్చలేదు. చాలాసేపు పాపనే చూస్తూ కూర్చుని, "సరే, నీ కష్టం నీది. బిడ్డను తోలకరా" అంది. ఇంటికి తిరిగొస్తుంటే ఆమె నచ్చలేదన్న ముఖమే నా కళ్లముందు ఉంది. పాప రెండు రోజులు గట్టిగా ఏడిస్తే చాలు, ఈమె కూడా వద్దంటుంది. ఈమె కూడా వద్దంటే నాకింకెవరున్నారు?

సోమవారం పొద్దున జాజికాయ రెండు రుద్దులు వేశాను.

పాప ఏడవకుండా ఆమె భుజం మీదికి పోయింది. "ఏడవలేదే!" అంది ఆమె. నాకు పదో తరగతిలో ఫస్టొచ్చినంత గర్వమనిపించింది. మర్నాడూ అంతే. మూడోనాడు కాస్త ముఖం చిట్లించింది, నాలుగోనాడు నేను మూడు రుద్దులు వేశాను. ఆ తర్వాత పైపళ్లు రావడం మొదలైంది. చిగుళ్లు ఎర్రగా ఉబ్బి పాప తెల్లవారకముందే లేచి ఏడ్చేది. నేను బస్సు టైము చూసుకుంటూ సాన ముందు కూర్చునేదాన్ని. నాలుగు, ఐదు. లెక్కపెట్టడం ఎప్పుడు మానేశానో గుర్తు లేదు. అక్కడినుంచి ఆస్పత్రికి పోయి కిటికీ వెనక కూర్చుని, బిడ్డల తల్లులకు జ్వరం సిరప్పు మూత చూపించి గట్టిగట్టిగా చెప్పేదాన్ని. "ఇదిగో ఈ గీత చూసినావా? ఇంతవరకే. పైన ఒక్క చుక్క పోసినా నీ బిడ్డకే ముప్పు." ఇంట్లో జాజికాయకు ఏ గీతా లేదని నాకు ఒక్కనాడూ తోచలేదు.

రెండోవారంలో ఆమె అంది. "నీ బిడ్డ శానా నిద్దర పోతాండాదమ్మా." మామూలుగా అనే ఉంటుంది. నేను మాత్రం ఆ మాటనే పట్టుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే ఈమె ఎందుకు చెబుతోంది? పని దగ్గరికి పోయే తల్లులు కొందరు పిల్లలు పడుకుంటారని జలుబు సిరప్పులు పోస్తారని నాకు తెలుసు. వాళ్లను పట్టుకుని కడిగేసింది నేనే. సొంతబిడ్డలకే పోసేవాళ్లు ఉంటే పరాయిబిడ్డకు పోయరా?

అనుమానం పెనుభూతమన్నారు. ఆ భూతం నా భుజమెక్కింది. సాయంత్రం పాపను తీసుకుని సందు మలుపు తిరగ్గానే నోటి దగ్గర ముక్కుపెట్టి వాసన చూసేదాన్ని. రాగిజావ వాసన, బెల్లం వాసన, అడుగున కాస్త జాజికాయ. జాజికాయ మా ఇంటి వాసన కాబట్టి దాన్ని పక్కనపెట్టి మిగతా వాసనల కోసం వెతికేదాన్ని. ఒకరోజు నీళ్లు తాగే నెపంతో ఆమె చెత్తబుట్టలో సిరప్పు సీసా ఉందేమోనని చూశాను. లేదు. లేకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. తెలివైనది, దూరంగా పారేస్తోంది అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం నేను.

"అంత అనుమానముంటే మాన్పించు" అన్నాడు మా ఆయన.

"మాన్పించి యాడ పెట్టల్ల?"

"అట్లయితే నమ్ము."

"ఎట్ల నమ్మేది?"

ఆయన డ్యూటీ సంచి తగిలించుకుని వెళ్లిపోయాడు. ఆయనకు చెప్పడం తేలిక. పాప మాత్రం రోజురోజుకూ మెత్తబడిపోతోంది. ముందు నన్ను చూడగానే చేతులు చాపి ఎగిరేది. ఇప్పుడు చూసి, కాస్త ఆలస్యంగా నవ్వుతోంది. బస్సులో కూర్చుని నేను ఆ ఆలస్యాన్ని తలచుకుని తలచుకుని ఏడ్చేదాన్ని.

మూడోవారం బుధవారంనాడు పాప చీకటితో లేచి ఒకటే ఏడుపు. చిగురు పగిలి పన్ను కొన తెల్లగా కనిపిస్తోంది. చంకన వేసుకుంటే ఆగదు, పాలు సరిగా తాగదు. ఆ ఏడుపుతో పెద్దమ్మ గుమ్మంలోకి పోతే ఏమవుతుందో నా ముందున్నట్టే కనిపించింది. ఒక చేత్తో పాపను పట్టుకుని రెండో చేత్తో అరగదీశాను. సాన మీద పాలు గోధుమరంగు ముద్దగా తేలాయి. అదంతా గిన్నెలోకి తీసి పోశాను. సందులోకి వచ్చేసరికి పాప ఏడుపు ఆపింది. ఆమె పాపను అందుకుని, "కండ్లు సూడు, ఎట్లుండాయో" అంది. పన్ను వస్తోంది, సరిగా పడుకోలేదు అని చెప్పి బస్సుకు పరుగెత్తాను.

టీకాల రోజు కాబట్టి ఆస్పత్రి నిండా పిల్లలే, చెవులు చిల్లులు పడే ఏడుపు. ఇంతమంది పిల్లలు ఏడుస్తుంటే నా బిడ్డ ఎందుకు ఏడవడం లేదు? పన్నెండుకు మందుల జీపు డోన్‌కు తిరిగి పోతోంది. ఈరోజు చెప్పకుండా పోయి ఆమెను పట్టుకోవాల్సిందే అనుకుని, డాక్టరుగారి కాళ్లావేళ్లా పడి జీపెక్కాను.

తలుపు తీసే ఉంది. నేల మీద మడిచిన చీరలో పాప పడుకుని ఉంది. పక్కన ఆమె, పాప రొమ్ము మీద అరచేయి ఆనించి కదలకుండా కూర్చుంది. పక్కనే సంగటి పళ్లెం మూత కూడా తీయలేదు.

"వస్తివా" అంది తల తిప్పకుండా. "నాలుగు తూర్లు ఫోన్ జేసినా. ఎత్తలేదే?"

ఫోను నా సంచి అడుగున ఉంది. జీపు మోతలో వినపడలేదు. నేను పాపను లాక్కున్నాను. తల వెనక్కి వాలిపోయింది. పిలిచాను, చెంపలు తట్టాను. కనురెప్పలు కాస్త అదిరి మళ్లీ మూసుకున్నాయి.

"ఏం పోసినావు నా బిడ్డకు?" అని అరిచాను. సందంతా బయటికి వచ్చింది. "నిజం చెప్పు! నమ్మి నీ చేతిలో పెడితిని గదా! కంచే చేను మేస్తే నేనింగ ఎవురికి చెప్పుకోవల్ల?"

ఆమె లేచి చీరకొంగు దోపుకుంది. "ఆ మాట మళ్ల అనుకుందాం. ముందు ఆటో ఎక్కు."

ఎదురింటి సాయిబు ఆటో తీశాడు. "ఫికర్ పడాకమ్మా, ఐదు నిమిషాల్లో పోతాం" అన్నాడు గానీ, రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడిపోయింది. గూడ్సు బండి. ఒక పెట్టె తర్వాత ఒక పెట్టె, అంతం లేదు. చివరి పెట్టెలో మా ఆయనే ఉన్నాడేమో కూడా నాకు తెలియదు. పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటున్నాను. ఆమెను పాపను ముట్టుకోవద్దన్నాను. అయినా చేయి చాపి పాప అరికాలు గీరుతూనే ఉంది. గీరినప్పుడల్లా వేళ్లు కాస్త ముడుచుకుంటున్నాయి.

"పోలీసులకు చెప్తా నేను" అన్నాను.

"సెప్పు. నేనేం పెట్టినానో డాక్టరమ్మకు నేను సెప్తా. నువ్వేం పెట్టినావో నువ్వు సెప్పు."

అప్పటికీ నా బుర్రకు ఎక్కలేదు.

డోన్ ఆస్పత్రిలో డాక్టరమ్మ పాప కళ్లలోకి టార్చి వేసి చూసింది. గుండె, ఊపిరి విన్నది. "పొద్దుటినుంచి ఏమేం తీసుకుంది?"

"నా కాడ ఒక చెంచా జావ గూడా దిగలేదమ్మా. మింగకుండా నోట్లోనే పెట్టుకుంటాంటే నేనే బయటికి తీసేస్తి. తడిగుడ్డతో పెదాలు తుడిసినా, అంతే" అంది ఆమె.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఇంట్లో?"

"పాలు కాసిన్ని. ఉగ్గు."

"ఉగ్గులో ఏమేం వేశారు?"

"వస, కరక్కాయ, జాజికాయ."

"జాజికాయ ఎంత?"

నోరు తెరిచాను. అంకె రాలేదు. మా వంటింటి గూట్లో సానరాయి పక్కన ఉన్న జాజికాయ కళ్లముందుకు వచ్చింది. మా అత్త మూడు నెలలు వాడినా ఒక పక్క గీరుకుపోయిన కాయ. నా చేతికి వచ్చి నెల దాటిందో లేదో, సగమే మిగిలి ఉంది.

ఆ గదిలో నాకు నేల కనపడకుండా పోయింది. డాక్టరమ్మ మిగతా వివరాలు రాసుకుంటూ, "మీరేం చేస్తుంటారు?" అని అడిగింది. "ఫార్మసిస్టుని" అన్నాను. ఆమె పెన్ను ఒక క్షణం ఆగింది, మళ్లీ రాసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. జాజికాయ ఎక్కువైతే పసిపిల్లలకు మత్తు కమ్ముతుందని, ఇలాగే సాగి ఉంటే ఊపిరి దాకా పోయేదని, ఇప్పటికైతే ఊపిరి బాగానే ఉందని, సాయంత్రం దాకా కళ్లముందే పెట్టుకుని చూద్దామని చెప్పింది. చిన్న చేతికి సెలైను సూది గుచ్చితే పాప మూలిగిందే గానీ ఏడవలేదు.

మంచం పక్కన నేను స్టూలు మీద, పెద్దమ్మ నేల మీద. ఆమె పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందో నన్ను తిట్టుకుంటోందో తెలియదు. ఆమె ముఖం చూడాలంటే నాకు చచ్చేంత సిగ్గుగా ఉంది. సిగ్గుకంటే భయం ఎక్కువగా ఉంది. పాప లేవకపోతే? ఇన్ని ఇళ్లు వెతికి, ఇంతమందిని నిలదీసి, చివరికి నా బిడ్డకు నా చేతులతోనే చేశానా ఈ పని?

ముందు ఆమే మాట్లాడింది. "ఆ నిద్దర నాకు తెలుసమ్మా. కలుపులకు పోతా నా పెద్దోనికి నేను గూడా ఇట్లనే పోస్తాంటి. గట్టున గుడ్డ ఏసి పండబెడితే పొద్దు మునిగేదాంకా లెయ్యడు. పాలకు గూడా లెయ్యడు. మంచి బిడ్డ అంటాండ్రి అందరూ. ఒకనాడు ఇంటికొచ్చినాక గూడా లెయ్యలేదు." పాప కాలు నిమిరింది. "మర్నాడు లేసినాడులే. అప్పుడు సాన పగలగొడితి."

"మరి నన్ను ఎందుకు అడగలేదు పెద్దమ్మా?"

"రెండు దినాలుగా అనుమానమే. ఎవురో పోస్తాండారని తెలుసు. నువ్వని అనుకోలేదు. నువ్వు మందులిచ్చేదానివి గదా."

ఇంతకంటే పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేరు. కొట్టాలని కూడా ఆమె అనలేదు, ఉన్నది చెప్పింది.

నాలుగు దాటాక పాప కాలు జాడించింది. కళ్లు తెరిచి పైకప్పు చూసింది, నన్ను చూసింది, చేతికున్న పట్టీని చూసింది. ఆ తర్వాత నోరు అంతలావున తెరిచి ఏడ్చింది. వార్డులో అందరూ తిరిగిచూశారు. మెట్ల కింది దాకా వినిపించి ఉంటుంది. ఎవరు విసుక్కుంటారో, ఎవరు వద్దంటారో ఏమీ తోచలేదు. ఆ గొంతును మూడు వారాలు నేనే నొక్కిపెట్టాను కదా అనుకుని నేనూ పాపతో పాటు పెద్దగా ఏడ్చాను.

"ఇది ఆకలేడుపు. పాలియ్యి" అంది ఆమె.

మర్నాడు పాపను ఇంటికి పంపించారు. మా ఆయన గుంతకల్లు నుంచి వచ్చి అంతా విని, పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మా అత్తకు ఫోనులో చెప్పాను. "నేను ఒక్క రుద్దే చెప్పింటి గదమ్మా" అంది. ఆ ఒక్కటి కూడా వద్దంది డాక్టరమ్మ అని చెప్పాను. "మేమంతా అట్లనే పెంచినాము" అని ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రం చర్చి వెనక సందుకు వెళ్లాను. సందులో నా కేకలు విన్నవాళ్లందరూ ఉన్నారు. వాళ్లముందే చేతులు జోడించి తప్పైందన్నాను. ఆమె చేతులు కిందికి దించింది. "పెద్దమ్మా, పాపను మళ్లీ పెట్టుకుంటావా?" అని అడిగాను.

"ఇప్పుడే సెప్పలేను. నేను ముందే అంటి గదా, రెండు దినాలు కూసోమని. రా. సూసినాక సెప్తా."

జీతం పోయే సెలవు పెట్టాను. రెండు రోజులు ఆ నాపరాళ్ల మీద కూర్చున్నాను. ఆమె నా సంచి తీసి కింద కుమ్మరించింది. పాలసీసా మూత తీసి చూసింది, చెంచా చూసింది, నా పర్సులో తలనొప్పి మాత్రలు కనిపిస్తే తీసి దూలం సంచిలో వేసింది. పాపకు నేనెలా తినిపిస్తానో, ఎలా ఎత్తుకుంటానో, పక్కనుంచి లేచిపోయేటప్పుడు చెప్పి పోతానో చెప్పకుండా జారుకుంటానో అన్నీ చూసింది. మొదటిరోజు మధ్యాహ్నం పాప పన్ను నొప్పికి ఏడుపు అందుకుంది. నేను గబుక్కున ఎత్తుకుని ఊపుతూ, ష్ ష్ అంటూ ఆమె ముఖం వైపు చూశాను. ఆమెకు అర్థమైపోయింది.

"ఏడ్సనీ తల్లీ" అంది. "నేనేమన్నా పారిపోతాండానా?"

తొమ్మిది నెలల పిల్లను చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగిన నేను ఎవరినీ అడగలేకపోయిన మాట అదే.

రెండోరోజు సాయంత్రం, "ఆ రాయి యాడుండాది?" అని అడిగింది. మర్నాడు తెచ్చి ఇచ్చాను. అప్పట్లాగా పగలగొడుతుందనుకున్నాను. తలుపు గాలికి కొట్టుకుని పాప వేళ్ల మీద పడకుండా దాన్ని తలుపు కింద అడ్డుగా దోపింది. ఇప్పటికీ అక్కడే ఉంది. "రేపట్నుంచి తోలకరా" అంది. అదే ఆమె ఒప్పుకోవడం.

ఇప్పుడు పాపకు ఏడాదిన్నర దాటింది. పొద్దున నన్ను వదలనని సందంతా వినిపించేలా ఏడుస్తుంది. అది కోపమొచ్చి ఏడ్చే ఏడుపని నాకు తెలుసు. నేనందించగానే ఆమె పాపకు ముద్దుపెట్టదు, బుజ్జగించదు. ముందు నోటి దగ్గర ముక్కుపెట్టి వాసన చూస్తుంది. ఒక్కరోజూ మానలేదు. ఎదురింట్లోవాళ్లు చూస్తుంటారు, నాకు సిగ్గుగానే ఉంటుంది. అవతల బస్సుకు టైమవుతున్నా సరే, ఆమె తల ఎత్తి "ఇంగ పో" అనేదాకా నేను గడప బయట నిలబడే ఉంటాను.